తూపిలిపాళెం పోయే ముందు

అమ్మణ్ణీ,

కెమెరా తీసుకుని తూపిలిపాళెం పోతున్నావంట, అలలు ఒడ్డున వదిలేసిన గవ్వలూ పుల్లలూ ఫోటోలు తీస్తావంట. మీ నాయన నిన్న ఫోన్లో చెప్పినాడు. పాస్‌పోర్టు సైజులు తీస్తూ తిరుపతిలోనే ముసలోణ్ణయిన నాకు అది విని ఛాతీ పొంగింది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. కొండ కింద పెరిగినోళ్లం, సముద్రం సంగతి మనకేం తెలుసు?

బ్యాటరీ, కార్డు, నీళ్లు, టోపీ నువ్వే సర్దుకుంటావు.

సముద్రానికి వీపు పెట్టి మాత్రం కూర్చోవద్దు. పెళ్లికి ముందు మీ నాయన నా యాషికా కెమెరా అడిగి తీసుకుని అక్కడికే పోయినాడు. ఎండ్రకాయ బొరియ చుట్టూ చిన్న చిన్న ఇసుక ఉండలుంటాయే, వాటి కోసం మోకాళ్ల మీద వంగి కన్ను వ్యూఫైండర్‌కి ఆనించినాడు. వెనక నుంచి అల వచ్చి బోర్లా తోసింది. కెమెరాని పైకెత్తి కాపాడినాడు పాపం, లెన్సు మీద నాలుగు చుక్కలే పడినాయి. అంతటితో ఊరుకున్నాడా? పంచె చెంగుతో గిరగిరా తుడిచినాడు. చెంగు నిండా ఇసుక! ఇంటికొచ్చినాక ట్యూబులైటుకి ఎదురు పట్టి చూస్తే అద్దం మీద వెంట్రుకల్లాంటి సన్నటి గీతలు, గుండ్రంగా. ఆ లెన్సుతో వెలుతురుకి ఎదురు తీసిన ఫోటోలన్నీ మసకే. ఇప్పటికీ "ఉప్పునీళ్ల వల్లే అన్నా" అంటాడు. నేనేమీ అనలేదులే. మనిషి ఇంటికొచ్చినాడు గదా.

చుక్క పడితే ముందు బ్లోయరుతో ఇసుక ఊదు. ఆ తర్వాతే మంచినీళ్లతో తడిపిన మెత్తటి గుడ్డ. ఒడ్డున లెన్సు మార్చొద్దు.

సముద్రాన్ని పక్కన పెట్టుకుని కూర్చో. పొద్దు పొడిచేది నీళ్ల మీదనే కాబట్టి వెలుతురూ పక్కనుంచే పడతాది, ఇసుక మీది ప్రతి ముడతకీ నీడ వస్తాది. ఎండ నెత్తికెక్కినాక ఆ అందం ఉండదు. నల్లటి తడి ఇసుక మీద తెల్ల గవ్వ ఉంటే కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు మోసపోయి గవ్వని సున్నం చేస్తాది, వెలుతురు ఒక స్టాపు, అంటే సగానికి, తగ్గించు.

గవ్వని జరపొద్దు. వెనక్కి జారే నీళ్లు దాని చుట్టూ ఇసుకని కోసి, సముద్రం వైపు తోకలాగా ఒక గీత గీస్తాయి. జరిపినావా, గవ్వ ఒక చోట, తోక ఒక చోట. పెళ్లి ఫోటోల్లో అందర్నీ జరిపి జరిపి నాకే విసుగు పుట్టింది, నువ్వన్నా ఆ పని చేయొద్దు.

పౌర్ణమికీ అమావాస్యకీ పోటు జాస్తి, సరుకంతా పైదాకా కొట్టుకొస్తాది. నీళ్లు తగ్గేటప్పుడు పో. పోటు టైము రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాది, నిన్నటి లెక్క నమ్మొద్దు. వాయుగుండం అని రేడియోలో వింటే ప్రయాణం మానుకో, నా మాట విను.

జెల్లీచేప లాంటి నీలం బుడగకి దారాలు వేలాడుతుంటే ముట్టుకోవద్దు, చచ్చి ఒడ్డున పడినా కుడతాది. చచ్చిన తాబేలు కనిపిస్తే దూరం నుంచి ఫోటో తీసి అటవీశాఖకి చెప్పు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఉండాయి, డొప్ప ముక్క కూడా ఇంటికి తేవొద్దు.

ఒంటరిగా పోవద్దు. మీ తమ్ముణ్ణి పిలుచుకుని పో, ఫోన్ చూస్తూ కూర్చోకుండా అలల్ని చూడమను.

ఫోటోలు వాట్సాప్‌లో పంపొద్దు, నాణ్యతంతా పోతాది. పెన్‌డ్రైవ్‌లో తీసుకురా. మంచివి ఏరి పెద్ద సైజు ప్రింట్లు వేయిద్దాం, డబ్బులు నేనిస్తా.

మీ పెదనాయన
తిరుపతి