బీఆప్టమ్ చదివితే షుగర్ కళ్లకు వైద్యం చేయొచ్చా?

ప్రశ్న: మాది నంద్యాల దగ్గర పల్లె. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పాసైంది. నీట్‌లో ఎంబీబీఎస్ సీటు వచ్చే ర్యాంకు రాలేదు. కంటి పరీక్షలు నేర్పే డిగ్రీ బీఆప్టమ్‌లో చేరతానంటోంది. మా అమ్మకు షుగర్ వల్ల రెండు కళ్లూ పోయాయి. ఆమెను దగ్గరుండి చూసుకున్నది ఈ పిల్లే. అందుకే షుగర్ వాళ్ల కళ్లు కాపాడే పనే చేస్తానని పట్టుపట్టింది. బంధువులేమో కళ్లద్దాల షాపులో ఉద్యోగానికి నాలుగేళ్ల చదువెందుకు అంటున్నారు. తెలిసినవాళ్ల అబ్బాయి ఒకడు ఆప్టోమెట్రిస్టుల (ఈ చదువు చదివినవాళ్ల) సంఘంలో ఫీజు కట్టి చేరాడు. అమెరికాలో షుగర్ కళ్లను ఎలా చూడాలో ఇలాంటి సంఘాలే రూల్స్ రాస్తాయంటున్నాడు. మా అమ్మాయి ఈ చదువుతో నిజంగా ఆ వైద్యం చేయగలదా? ఆ సంఘాల్లో చేరితే ఉపయోగం ఉందా?

జవాబు: ముందు మీకు నచ్చని మాట చెప్పేస్తాను. మన దేశంలో ఆప్టోమెట్రిస్టులు షుగర్ కంటికి లేజర్ చేయరు, కంట్లోకి ఇంజెక్షన్ ఇవ్వరు, ఆపరేషన్ చేయరు. అవి ఎంబీబీఎస్ అయ్యాక కంటి వైద్యంలో పీజీ చేసి, ఆపైన రెటీనాలో శిక్షణ పొందిన డాక్టర్ల పనులు. మీ అమ్మాయి మనసులో ఉన్నది ఆ పనే అయితే బీఆప్టమ్ ఆమెను అక్కడికి చేర్చదు. మళ్లీ నీట్ రాయడం ఒక్కటే దారి. ఈ సంగతి ఆమెతో కూర్చుని ఇప్పుడే తేల్చుకోండి. మూడో ఏడాదిలో తెలిస్తే చదువు మీదే విరక్తి పుడుతుంది.

అయితే ఆమె పెంచుకున్న ఆశ తప్పు కాదు. షుగర్ వల్ల చూపు పోగొట్టుకునేవాళ్లలో చాలామంది లేజర్ చేసే డాక్టరు దొరక్క పోగొట్టుకోవడం లేదు. ఆ డాక్టరు దగ్గరికి ఆలస్యంగా వెళ్లి పోగొట్టుకుంటున్నారు. కంటి లోపల వెనక గోడకు పరుచుకున్న పలచటి పొర రెటీనా. షుగర్ ఏళ్ల తరబడి అదుపు తప్పితే ఆ పొరకు రక్తం తెచ్చే సన్నటి నాళాలు బలహీనపడతాయి. మొదట సూదిమొనంత బుడిపెలు, తర్వాత చిన్న చిన్న రక్తపు చుక్కలు, పసుపుపచ్చని మరకలు కనిపిస్తాయి. ఈ దశలో నొప్పీ ఉండదు, మంటా ఉండదు. గోడ మీది అక్షరాలు ఆఖరి వరుస దాకా చదివేస్తారు కూడా. ఇంకా ముదిరితే రక్తం అందని చోట కొత్త నాళాలు పుట్టుకొస్తాయి. అవి గట్టివి కావు, తెగి కంట్లో రక్తం నిండుతుంది. ‘నిన్నటిదాకా బాగానే కనిపించింది, పొద్దున లేచేసరికి నల్లటి తెర అడ్డమొచ్చింది’ అంటూ ఆస్పత్రికి పరిగెత్తేది అప్పుడే. లేజర్ ప్రధానంగా మిగిలిన చూపును నిలబెట్టడానికి పనికొస్తుంది, పోయినదాన్ని తెచ్చివ్వదు. రెటీనా నడిమి భాగం వాచినప్పుడు ఇంజెక్షన్లతో కొంత చూపు తిరిగి రావచ్చు. దానికీ సమయానికి రావాలి.

అందుకే టైప్ 2 షుగర్ ఉందని తెలిసిన వెంటనే ఒకసారి, ఆ తర్వాత మామూలుగా ఏడాదికోసారి, కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి రెటీనా చూడాలంటారు. ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం 2023లో వేసిన లెక్క ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్ల మంది. నలభై దాటిన షుగర్ రోగుల్లో దాదాపు 12.5 శాతం మందికి రెటీనా దెబ్బతిందనీ, 4 శాతం మందికి అది చూపుకే ముప్పు తెచ్చే దశలో ఉందనీ 2022లో వెలువడిన స్మార్ట్ ఇండియా అధ్యయనం తేల్చింది. ఇన్ని కోట్ల మందినీ ఏటా రెటీనా డాక్టర్లే చూడాలంటే జరిగే పని కాదు. ఎవరికి ఏమీ లేదు, ఎవరిని ఏడాది తర్వాత పిలవొచ్చు, ఎవరిని ఈ వారమే పంపాలి అని వడపోసేవాళ్లు కావాలి. మీ అమ్మాయికి అక్కడ చోటుంది.

ఇక మీ బంధువులు చులకన చేస్తున్న కళ్లద్దాల షాపు సంగతి. షుగర్ బాగా పెరిగినప్పుడు కంట్లోని కటకంలో మార్పు వచ్చి సైటు మారిపోతుంది. చాలామందికి మైనస్ వైపు జరుగుతుంది, షుగర్ తగ్గాక మళ్లీ మారుతుంది. నలభై ఐదేళ్ల మనిషి నాలుగు నెలల కిందట చేయించుకున్న అద్దాలు పట్టుకొచ్చి ‘ఇవి పనికిరావు, కొత్తవి ఇవ్వండి’ అన్నాడనుకోండి. అమ్మకమే చూసుకునేవాళ్లు కొత్త జత అంటగడతారు. చదువుకున్న ఆప్టోమెట్రిస్టు అయితే రక్తపరీక్ష చేయించుకుని రమ్మంటారు, షుగర్ కుదుటపడేదాకా అద్దాలు రాయరు. ఆ మనిషి ఇంకే డాక్టరు దగ్గరికీ వెళ్లి ఉండడు. షుగర్ ఉందన్న అనుమానం మొదట వచ్చేది ఆ షాపులోనే కావచ్చు. ఉన్నట్టుండి ఒకటి రెండుగా కనపడటం, శుక్లాలు ముందే రావడం, నీటికాసులు ఇవన్నీ కూడా షుగర్ ఉన్నవాళ్ల విషయంలో గమనించాల్సినవే. షాపులో పని అనగానే తక్కువ పని అనుకోకండి. ఆ షాపు యజమాని పరీక్షకు ఎంత సమయం ఇస్తాడు, అద్దాలు అమ్మకుండా పంపేస్తే ఊరుకుంటాడా అన్నదే చూసుకోవాలి.

ఇంకొక పని ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. లేజర్లూ ఇంజెక్షన్లూ అన్నీ అయిపోయి, ‘ఇంతకు మించి చేయగలిగింది లేదు’ అని డాక్టరు చెప్పేసిన మనిషి ఇంటికెళ్లి ఎలా బతకాలి? మిగిలిన కొద్దిపాటి చూపుతో మందు చీటీ చదవడానికి ఎంత పవరు భూతద్దం కావాలి, దీపం ఎటు పెట్టుకోవాలి, మెట్ల అంచుకు ఏ రంగు వేస్తే తేడా తెలుస్తుంది, ఇన్సులిన్ సిరంజి మీద గీతలు కనపడకపోతే ఏం చేయాలి ఇవన్నీ నేర్పించేది లో విజన్ విభాగం. దాన్ని ఎక్కువగా నడిపేది ఆప్టోమెట్రిస్టులే. నాయనమ్మను చూసుకున్న పిల్ల కాబట్టి ఆమెకు ఈ పని వేరేవాళ్లకంటే బాగా అర్థమవుతుందని నా నమ్మకం. కాలేజీలో చేరాక ఈ విభాగంలో ఎక్కువ రోజులు అడిగి మరీ పని చేయమనండి.

సంఘాల విషయానికొస్తే, ఆ అబ్బాయి అమెరికా గురించి చెప్పింది నిజమే. అమెరికన్ ఆప్టోమెట్రిక్ అసోసియేషన్ 1898 నాటి సంఘం. షుగర్ ఉన్నవాళ్ల కళ్లను ఎలా చూసుకోవాలో 2014లో మార్గదర్శకాలు తెచ్చి, 2019లో సవరించింది. చుక్కలు వేసి చూడటం, జబ్బు దశను బట్టి మళ్లీ ఎప్పుడు పిలవాలి, ఎప్పుడు రెటీనా నిపుణుల దగ్గరికి పంపాలి, చూసినదాన్ని షుగర్ డాక్టరుకు తెలియజేయడం అన్నీ అందులో ఉంటాయి. ఈ ఆఖరిది మన దగ్గర దాదాపు జరగదు. కంటి రిపోర్టు రోగి సంచిలోనే ఉండిపోతుంది, షుగర్ డాక్టరు అడగడు, రోగి చూపించడు. అక్కడ అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆప్టోమెట్రీ అని ఇంకోటి ఉంది, 1922లో మొదలైంది. దాని ఫెలోగా చేరాలంటే ఫీజు కడితే చాలదు. తాను చూసిన కేసులు రాసి పంపడంలాంటి పని చూపించాలి, పరీక్షకుల ముందు కూర్చుని మౌఖిక పరీక్ష నెగ్గాలి. నా దృష్టిలో సంఘం అంటే అలా ఉండాలి.

కానీ ఆ దేశపు ఆప్టోమెట్రిస్టుతో మనవాళ్లను పోల్చుకుంటే నిరాశే మిగులుతుంది. అక్కడ సాధారణంగా నాలుగేళ్ల డిగ్రీ తర్వాత మరో నాలుగేళ్లు ఓడీ (డాక్టర్ ఆఫ్ ఆప్టోమెట్రీ) చదువుతారు, కంటి జబ్బులకు మందులు రాస్తారు. కొన్ని రాష్ట్రాల్లో కంటి ముందు భాగానికి కొన్ని రకాల లేజర్ కూడా చేయనిస్తారు. ఆ హక్కుల కోసం వాళ్ల సంఘాలు కంటి డాక్టర్ల సంఘాలతో ఏళ్ల తరబడి కొట్లాడాయి. అయినా షుగర్ రెటీనాకు చేసే లేజర్ అక్కడా రెటీనా డాక్టరు చేతిలోనే ఉంది.

మన దగ్గర కథ చాలా ఆలస్యంగా మొదలైంది. 1985లో చెన్నైలో ఎలైట్ స్కూల్ ఆఫ్ ఆప్టోమెట్రీ పెట్టాకే నాలుగేళ్ల డిగ్రీకి దారి పడింది. ఇండియన్ ఆప్టోమెట్రిక్ అసోసియేషన్‌లాంటి సంఘాలూ, స్వచ్ఛందంగా పేరు నమోదు చేసుకునే ఆప్టోమెట్రీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఉన్నా, వాటికి చట్టం ఇచ్చిన అధికారం లేదు. 2021లో అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. ఆప్టోమెట్రిస్టు అనే వృత్తి ఆ చట్టం షెడ్యూల్లో ఉంది. కమిషన్, రాష్ట్ర కౌన్సిళ్లు, రిజిస్టరు అన్నీ దాని కిందికి వస్తాయి. కాబట్టి సంఘం సభ్యత్వం కార్డు వేరు, చట్టం కింద రిజిస్ట్రేషన్ వేరు. మా కార్డు ఉంటే ప్రాక్టీసుకు లైసెన్సు ఉన్నట్టే అని ఎవరైనా చెబితే నమ్మకండి.

మరి సంఘం ఎందుకు? ఉద్యోగం ఇప్పించడానికైతే కాదు. చిన్న ఊళ్లో ఒంటరిగా పనిచేసే ఆప్టోమెట్రిస్టుకు కొన్నాళ్లకు చేయి మొద్దుబారుతుంది. రోజూ సైటు పరీక్షలే, రెటీనా చూసేది ఎప్పుడో ఒకసారి. అలాంటప్పుడు వేరేవాళ్లు చూసిన కేసులు, ‘ఈ ఫొటోలో నీకేం కనపడుతోంది’ అని నిలదీసే పెద్దవాళ్లు, కొత్త మార్గదర్శకాలు ఇవి దొరికే చోటు కావాలి. ఒక సంఘం ఏడాదిలో ఇలాంటివి ఎన్ని పెట్టింది, రెటీనా డాక్టర్లను పిలిచి కూర్చోబెట్టిందా అని అడిగి చూడండి. శాలువాలు, ఫొటోలు, మార్చి 23న ప్రపంచ ఆప్టోమెట్రీ దినోత్సవపు కేకు తప్ప ఇంకేమీ లేని చోట ఫీజు దండగ.

కాలేజీ ఎంపిక మాత్రం అన్నిటికంటే ముఖ్యం. సొంత కంటి ఆస్పత్రి, అందులో రెటీనా విభాగం ఉన్న కాలేజీని చూడండి. భవనం, హాస్టలు తర్వాత. అక్కడ చదివే సీనియర్లను పక్కకు పిలిచి అడగండి: ‘స్లిట్ ల్యాంపు (కంటిని పెద్దదిగా చూపే మైక్రోస్కోపు) మీద నువ్వే కూర్చుని రెటీనా చూస్తావా, వెనక నిలబడి చూస్తావా? రోజూ షుగర్ రోగులు ఎంతమంది వస్తారు? ఓసీటీ (రెటీనా పొరల స్కాన్) తీయడం నీ చేత చేయిస్తారా?’ దీనికి నీళ్లు నమిలితే ఆ కాలేజీ వద్దు. ఫండస్ ఫొటోలు, అంటే రెటీనా ఫొటోలు, వందల కొద్దీ చూస్తేనే కన్ను పండుతుంది, పుస్తకంలో బొమ్మలు చూస్తే రాదు. హైదరాబాద్‌లో 1987లో గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు నెలకొల్పిన ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి ఆప్టోమెట్రీ చదువు కూడా చెబుతుంది, సీటు దొరికితే వదులుకోవద్దు. ఒక తేడా గుర్తుంచుకోండి. ఆ సంస్థ పల్లెల్లో నడిపే విజన్ సెంటర్లలో ఉండే విజన్ టెక్నీషియన్లది ఏడాది శిక్షణ, బీఆప్టమ్ కాదు. ప్రభుత్వ ఆస్పత్రుల్లోని పీఎంఓఓ (పారామెడికల్ ఆఫ్తాల్మిక్ ఆఫీసర్) పోస్టులకు అర్హతలు వేరు. బీఆప్టమ్ చేస్తే ఆ పోస్టు వస్తుందని ఎవరైనా అంటే నోటిఫికేషన్ చదవకుండా ఒప్పుకోకండి. తెలంగాణలో 2018 ఆగస్టు 15న, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబర్ 10న మొదలైన కంటి వెలుగు కార్యక్రమాల్లాంటివి వచ్చినప్పుడు శిబిరాల కోసం మనుషులను తీసుకుంటారు. అవి శాశ్వత ఉద్యోగాలు కావు.

ఫొటో తీస్తే కంప్యూటరే జబ్బు చెప్పేస్తుందట కదా, అప్పుడీ ఉద్యోగాలుంటాయా అని మీరు అడగలేదు కానీ అమ్మాయి అడుగుతుంది. డాక్టరు చూడకుండానే షుగర్ రెటీనాను గుర్తించే కృత్రిమ మేధ పరికరానికి అమెరికాలో మందులనూ వైద్య పరికరాలనూ నియంత్రించే ఎఫ్‌డీఏ 2018లోనే అనుమతి ఇచ్చింది. మన దేశంలోనూ అలాంటివి వాడుతున్నారు. ఫొటోలు చూసి గ్రేడు వేయడమే పనిగా పెట్టుకున్నవాళ్లకు ఇబ్బందే. కానీ శుక్లం ముదిరి ఫొటో మసకగా వచ్చిన కంటిని ఏం చేయాలో, పెద్దాస్పత్రికి వెళ్లమంటే ‘కోతలయ్యాక వెళ్తాలే’ అనే రైతును ఎలా ఒప్పించాలో ఆ పరికరం చెప్పదు. ఇంగ్లాండులో షుగర్ ఉన్నవాళ్లందరికీ పేరుపేరునా ఉత్తరం రాసి పిలిచి రెటీనా ఫొటోలు తీసే పద్ధతి 2003లో మొదలుపెట్టారు. ఇంగ్లాండు, వేల్స్‌లో పనిచేసే వయసువాళ్ల అంధత్వానికి మొదటి కారణంగా ఉన్న షుగర్ రెటీనా జబ్బు, అయిదు దశాబ్దాల్లో తొలిసారి ఆ స్థానం నుంచి దిగిందని 2014లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది. షుగర్ అదుపు మెరుగుపడటం, ఈ స్క్రీనింగ్ కారణాలు కావచ్చని పరిశోధకులు అన్నారు. అక్కడ పని చేసింది కెమెరా ఒక్కటే కాదు. రానివాళ్లను మళ్లీ పిలిచే ఏర్పాటు కూడా ఉంది.

డబ్బు విషయం దాచను. మొదటి జీతం చాలాచోట్ల పదిహేను వేల నుంచి పాతిక వేల మధ్యే ఉంటుంది, నాలుగేళ్ల ఫీజు చూసుకుంటే మనసు చివుక్కుమంటుంది. పెద్ద కంటి ఆస్పత్రిలో రెటీనా విభాగంలో రెండు మూడేళ్లు చేసి, తర్వాత ఎంఆప్టమ్ (ఇందులోనే పీజీ) లేదా ఫెలోషిప్ చేసినవాళ్లకు పరిస్థితి మెరుగు. గల్ఫ్ వెళ్లేవాళ్లూ ఉన్నారు, ఆ దేశపు లైసెన్సు పరీక్ష రాయాలి. అమెరికా వెళ్తే మన బీఆప్టమ్‌తో నేరుగా ప్రాక్టీసు ఉండదు, అక్కడి ఓడీ చదువూ బోర్డు పరీక్షలూ తప్పవు. అమెరికా మీద ఆశ పెట్టుకుని ఇప్పుడు అప్పు చేయొద్దు.

సంఘం ఫీజు మొదటి ఏడాది కట్టనక్కర్లేదు. విద్యార్థులకు తక్కువ రుసుముతో సభ్యత్వం ఇస్తే, రోగులను చూడటం మొదలయ్యాక, మూడో ఏడాదిలో తీసుకోమనండి. అప్పటికి అడగడానికి ఆమె దగ్గర ప్రశ్నలుంటాయి. సీటుకు డబ్బు కట్టే ముందు మాత్రం, కోర్సు ఏ యూనివర్సిటీ కిందిది, కమిషన్ సిలబస్‌నే పాటిస్తున్నారా, ఇంటర్న్‌షిప్‌తో కలిపి మొత్తం ఎన్నేళ్లు, ఇంటర్న్‌షిప్ ఏ ఆస్పత్రిలో అన్నవి కాలేజీ చేత కాగితం మీద రాయించుకోండి. నోటిమాటగా చెప్పినవి తర్వాత ఎవరికీ గుర్తుండవు.