హంపిలో విరూపాక్ష గుడి నుంచి విఠల గుడి దాకా నది ఒడ్డున నడక, పెద్దవాళ్ళతో అవుతుందా?

మీరు అడిగింది ఇదీ కదా: డిసెంబర్‌లో హంపి వెళ్తున్నారు, అమ్మగారికి 63 ఏళ్ళు, మోకాళ్ళు కొంచెం ఇబ్బంది, బాబుకి 8 ఏళ్ళు, విరూపాక్ష గుడి దగ్గర్నుంచి విఠల గుడికి నది పక్కనే నడిచే దారి ఉందని ఎవరో చెప్పారు, అది వాళ్ళతో అవుతుందా లేక ఆటో మాట్లాడుకుని పోవడమే మేలా అని. అవుతుందండి, తప్పకుండా నడవండి. కాకపోతే పొద్దున్నే బయల్దేరాలి, వెళ్ళేటప్పుడు మాత్రమే నడవాలి, వచ్చేటప్పుడు ఆటో ఎక్కేయాలి. ఈ రెండూ పాటిస్తే పెద్ద కష్టమేమీ లేదు.

మాది గుంతకల్లు వైపు, హంపికి దగ్గర్లో ఉండే హోసపేట మాకు రైల్లో రెండు మూడు గంటలు, అందుకని హంపి చాలాసార్లే చూశాను. మొదటి రెండుసార్లు అందరిలాగే ఆటో మాట్లాడుకున్నాం, వాళ్ళు విరూపాక్ష గుడి చూపించి, పక్కనే ఉన్న కమలాపురం ఊరి మీదుగా తిప్పి, విఠల గుడి పార్కింగ్ దగ్గర దింపారు. రోడ్డు మీద అది దాదాపు 10 కిలోమీటర్లు. అదే కాలిదారిన నది పక్కనుంచి వెళ్తే బజారు చివర్నుంచి రెండు కిలోమీటర్లు కూడా గట్టిగా ఉండదు. ఆ సంగతి తెలియక రెండు ట్రిప్పులూ రాతి రథం ముందు ఫోటో దిగి వచ్చేశాను, ఇప్పటికీ బాధేస్తుంది. ఆటోలో పోతే హంపి ఒక గుడి, ఇంకో గుడి, మధ్యలో రోడ్డు, అంతే. నడిస్తే అది ఒక ఊరు అని తెలుస్తుంది, వీధులు, బజార్లు, కోనేర్లు, రేవులు, మంటపాలు, అన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి, 1336లో మొదలై 1565 తళ్ళికోట యుద్ధం తర్వాత పాడుబడే దాకా జనం ఎలా నడిచారో దాదాపు ఆ దారే మీరూ నడుస్తారు.

మూడోసారి మా నాన్నని తీసుకెళ్ళాను. అప్పుడు ఆయనకి 66, ఎడమ మోకాలు సరిగ్గా వంగదు. ఆ రోజు నేను చేసిన తప్పు ముందే చెప్తాను. ఏప్రిల్ నెల, హోసపేటలో టిఫిన్ చేసి బస్సెక్కి, విరూపాక్షుడి దర్శనం చేసుకుని నడక మొదలుపెట్టేసరికి 11 అయింది. ముగ్గురికీ కలిపి ఒకే లీటరు నీళ్ళ సీసా. అక్కడ చుట్టూ అన్నీ బండరాళ్ళు, పొద్దున ఎక్కిన వేడి మధ్యాహ్నానికి కిందనుంచి కొడుతుంది, పైన ఎండ, పక్కన రాయి. రాజ తులాభారం దగ్గరికి వచ్చేసరికి నాన్నకి కళ్ళు తిరిగాయి, అక్కడే నీడలో పడుకోబెట్టి తువ్వాలు తడిపి మొహం మీద వేశాం, నీళ్ళు అయిపోయాయి, దారిలో వచ్చే ఇంకో కుటుంబం వాళ్ళు తమ సీసా ఇచ్చి వెళ్ళారు. గంట తర్వాత లేచారు గానీ నేను ఆ గంట మర్చిపోలేను. తర్వాత రెండేళ్ళకి జనవరిలో మళ్ళీ అదే నాన్నతో అదే దారి నడిచాను, పొద్దున ఆరున్నరకి, మధ్యలో ఆగుతూ కూర్చుంటూ రెండున్నర గంటల్లో హాయిగా చేరుకున్నాం. అంటే దారి కష్టం కాదు, మేము వెళ్ళిన వేళ తప్పు. మీరు డిసెంబర్ అన్నారు కాబట్టి మంచి కాలమే, అయినా పదిన్నర కల్లా విఠల గుడిలో ఉండేలా చూస్కోండి.

ఇప్పుడు దారి చెప్తాను, ఇది మనసులో ఉంచుకుంటే గైడ్ లేకపోయినా వెళ్ళిపోవచ్చు. విరూపాక్ష గుడి గోపురానికి ఎదురుగా తిన్నగా తూర్పుకి ఒక వెడల్పాటి వీధి ఉంటుంది, అదే హంపి బజారు, రెండు పక్కలా రాతి మంటపాలు. దాని చివర ఒకే రాతిలో చెక్కిన పెద్ద నంది ఉంటుంది, ముక్కు మొహం కొంచెం అరిగిపోయి ఉంటుంది. ఆ నంది వెనక మెట్లెక్కి గుట్ట సందులోంచి దిగితే కూడా అచ్యుతరాయ గుడికి పోవచ్చు, కానీ అమ్మగారితో అటు వద్దు, మెట్లు వెడల్పుగానే ఉంటాయి గానీ ఎక్కడం దిగడం రెండూ ఉన్నాయి. నందికి కొంచెం ముందే ఎడమ చేతి వైపు నది దగ్గరికి పోయే దారి పట్టుకోండి. అక్కడ్నుంచి తుంగభద్ర మీ ఎడమ పక్కనే ఉంటుంది, దారి తప్పే అవకాశం తక్కువ.

కొంచెం దూరం పోగానే చక్రతీర్థం. ఇక్కడ నది ఉత్తరం వైపు తిరుగుతుంది, అందుకే ఇక్కడ స్నానం గొప్పదంటారు. ఒడ్డునే కోదండరామ స్వామి గుడి, సీతారామ లక్ష్మణుల్ని లోపల ఒకే బండ మీద చెక్కారు, పూజలు జరిగే గుడి, సుగ్రీవుడి పట్టాభిషేకం ఇక్కడే జరిగిందని స్థలపురాణం. దాని పైన యంత్రోద్ధారక ఆంజనేయుడు, మధ్వ గురువు వ్యాసరాయలు ప్రతిష్ఠించారని చెప్తారు, కొన్ని మెట్లు ఉన్నాయి, అమ్మగారు కింద రాముడి గుడి అరుగు మీద కూర్చుంటే మీరూ బాబూ వెళ్ళిరావచ్చు. నాన్న అలాగే కింద కూర్చున్నారు, మేము దిగొచ్చేసరికి పుట్టి (గుండ్రటి తెప్ప) నడిపే ఆయనతో తెలుగులోనే మాట్లాడుతున్నారు, బళ్ళారి జిల్లా చుట్టుపక్కల తెలుగు బాగానే నడుస్తుంది, భాష గురించి అసలు బెంగ పెట్టుకోకండి. బాబుకి బోర్డుల మీద కన్నడ అక్షరాలు చదవమనండి, సగం మన అక్షరాల్లాగే ఉంటాయి, మా అన్న కూతురు దారి పొడుగునా అదే ఆట ఆడింది, కాళ్ళు నొప్పులని ఒక్కసారి కూడా అనలేదు.

ఈ మొదటి ముక్కలోనే బండల మధ్య కొంచెం ఎగుడుదిగుడు ఉంటుంది, పెద్ద బండల కింద నుంచి వంగి పోవాల్సిన చోటు కూడా ఉంది, పిల్లలకి భలే ఇష్టం. అమ్మగారికి మీరు చెయ్యి పట్టుకోవాల్సింది ఇక్కడే. ఇది దాటితే తర్వాతంతా దాదాపు చదును దారి.

ఆ తర్వాత కుడి చేతి వైపు ఒక్కసారిగా పెద్ద వీధి తెరుచుకుంటుంది, అచ్యుతరాయ గుడి ముందున్న బజారు, సూళె బజారు అంటారు. మనుషులు చాలా తక్కువ, పొద్దున పూట పక్షుల చప్పుడు తప్ప ఏమీ ఉండదు. దయచేసి దీన్ని వదిలేసి ముందుకు పోకండి, నాకైతే హంపి మొత్తంలో ఇదే ఎక్కువ నచ్చిన చోటు. వీధి పక్కన కోనేరు ఉంది, మధ్యలో మంటపంతో. చివర గుడి. దీన్ని అచ్యుతరాయ గుడి అంటారు గానీ లోపల కట్టింది తిరువేంగళనాథుడికి, అంటే మన వెంకన్నే, 1534లో అచ్యుతదేవరాయల కాలంలో కట్టించారు. ఇప్పుడు గర్భగుడిలో విగ్రహం లేదు. నాన్న ఆ ఖాళీ గర్భగుడి ముందు నిలబడి చాలాసేపు చేతులు జోడించుకునే ఉన్నారు, నేనేం మాట్లాడలేదు. ఈ బజారు పొడుగునా పోయి రావడానికి అదనంగా అరగంట పైనే పడుతుంది, నేల చదునే, అమ్మగారు అలిసిపోయారనిపిస్తే వీధి మొదట్లోనే కూర్చుని చూసినా చాలు.

మళ్ళీ నది దారికి వచ్చి ముందుకు పోతే సుగ్రీవుడి గుహ, అక్కడి రాతి మీద చారలు సీతమ్మ చీర కొంగు జారిన గుర్తులని చెప్తారు, బాబుకి రామాయణం తెలిసుంటే కిష్కింధ కథ ఇక్కడ చెప్పండి. నదికి అవతల దూరంగా తెల్ల మెట్లున్న కొండ కనిపిస్తుంది, అది అంజనాద్రి. 575 మెట్లు, అది ఇంకో రోజు పని, అమ్మగారితో వద్దు.

తర్వాత రాజ తులాభారం. రెండు ఎత్తైన రాతి స్తంభాలు, పైన అడ్డంగా రాతి దూలం, దానికి కింద తక్కెడ వేలాడదీయడానికి మూడు కొక్కేలు. గ్రహణాలప్పుడు, పండగలప్పుడు రాజు ఒక పళ్ళెంలో కూర్చుంటే రెండో దాంట్లో బంగారమో ధాన్యమో పోసి తూచి దానం చేసేవారట. నీడకి కూర్చోవడానికి దగ్గర్లో మంటపం ఉంది. అక్కడ్నుంచి నది వైపు దిగి చూస్తే నీళ్ళలో వరసగా రాతి స్తంభాలు నిలబడి ఉంటాయి, అవతలి ఒడ్డున ఉన్న ఆనెగొంది ఊరికి పోయే పాత వంతెనవి. పైన ఏమీ లేదు, ఉత్త స్తంభాలే. ఒడ్డునే పురందరదాసు మంటపం, నీళ్ళకి ఆనుకుని. మేము పులిహోర పొట్లాలు విప్పుకున్నది అక్కడే. కోతులు చూస్తూ ఉంటాయి, అరటిపళ్ళు బయటికి కనిపించేలా పట్టుకోవద్దు, సంచి జిప్పు పూర్తిగా వేసి ఒళ్ళో పెట్టుకోండి.

ఇక నాలుగడుగులు వేస్తే విఠల గుడి. మేము వెళ్ళినప్పుడు మనవాళ్ళకి టికెట్ 40 రూపాయలు, 15 ఏళ్ళ లోపు పిల్లలకి ఫ్రీ. గుడి గురించి అందరూ చెప్తారు కాబట్టి నేను రెండే చెప్తాను. రాతి రథం అంటాం గానీ అది నిజానికి స్వామికి ఎదురుగా గరుత్మంతుడికి కట్టిన గుడి, బాబుకి జేబులో కొత్త 50 రూపాయల నోటు ఇచ్చి, పోల్చి చూడమనండి, అదే బొమ్మ. రథం ముందు రెండు ఏనుగులున్నాయి కదా, వాటి వెనక జాగ్రత్తగా చూస్తే గుర్రాల కాళ్ళు, తోకలు కనిపిస్తాయి, ముందు అక్కడ గుర్రాలుండేవి, ఏనుగుల్ని తర్వాత తెచ్చి పెట్టారు. ఇంకోటి, పక్కన వంద స్తంభాల మంటపం కృష్ణదేవరాయలు 1516లో కట్టించింది. తెలుగులో కావ్యం రాసిన రాజు కట్టించిన మంటపంలో కాసేపు కూర్చోవడం నాకు మాటల్లో చెప్పలేని సంగతి, మీకూ అలాగే ఉంటుందనుకుంటా. సంగీత స్తంభాలు తట్టడానికి ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే మంచిది, తట్టీ తట్టీ చాలా పాడయ్యాయి.

తిరుగు దారికి, గుడి బయట బ్యాటరీ బండ్లు ఉంటాయి, ఒక కిలోమీటరు దూరంలో పార్కింగ్ దాకా తీసుకెళ్తాయి, అక్కడ ఆటోలు దొరుకుతాయి. లైన్ పొడుగ్గా ఉంటే అమ్మగారిని నీడలో కూర్చోబెట్టి మీరు నిలబడండి. పొద్దునే ఒక ఆటో ఆయన్ని మాట్లాడి పదకొండుకి పార్కింగ్ దగ్గరికి రమ్మంటే ఇంకా సుఖం, నాన్నతో రెండోసారి నడిచినప్పుడు మేము అలాగే చేశాం. అక్కడ్నుంచి కమలాపురంలో భోజనం.

తీసుకెళ్ళాల్సినవి: మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, నంది దాటాక కొట్లు ఉంటాయని నమ్ముకోవద్దు. పాత బజారు మంటపాల్లో ఒకప్పుడు కొట్లు, ఇళ్ళు ఉండేవి, 2011లో ఖాళీ చేయించారు. నీళ్ళు, బిస్కెట్లు గుడి దగ్గరే కొనుక్కోండి. అమ్మగారికి ఊతకర్ర, మెత్తటి చెప్పులు కాదు, వెనక పట్టీ ఉండి జారని అడుగున్నవి. గుళ్ళలో చెప్పులు విప్పాలి కాబట్టి సాక్సు ఒక జత సంచిలో ఉంచండి, ఎండెక్కాక రాయి కాలుతుంది. మోకాళ్ళ పట్టీ వేసుకునే అలవాటుంటే బస్సు దిగగానే వేసుకోమనండి, నొప్పి మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు.

వానాకాలం గురించి కూడా చెప్పాలి, ఇది చదివే వేరేవాళ్ళకి పనికొస్తుంది. తుంగభద్ర డ్యామ్, అనంతపురం వైపు మా అందరికీ నీళ్ళిచ్చేది అదే, హంపికి కాస్త పైన హోసపేటలో ఉంది. అది నిండి గేట్లు ఎత్తితే పురందర మంటపం మునిగిపోతుంది, కోదండరాముడి గుడి మెట్ల దాకా నీళ్ళొస్తాయి, ఒడ్డు దారి మూసేస్తారు, పుట్లు ఆపేస్తారు. జులై నుంచి సెప్టెంబర్ దాకా వెళ్ళేవాళ్ళు ముందురోజు హోసపేటలో అడిగి తెలుసుకోండి. ఏ కాలమైనా నది చూడ్డానికి నెమ్మదిగా ఉంటుంది గానీ లోపల బండలు, సుడులు ఉంటాయి, బాబుని నీళ్ళలోకి దిగనివ్వద్దు. సాయంత్రం చీకటి పడ్డాక ఆ దారిలో నడవద్దు, దీపాలు లేవు, మనుషులుండరు.

వెళ్ళడానికి, విజయవాడ గుంటూరు వైపు నుంచైతే అమరావతి ఎక్స్‌ప్రెస్ నంద్యాల, గుంతకల్లు, బళ్ళారి మీదుగా హోసపేట చేరుస్తుంది, హైదరాబాద్ నుంచి రాత్రి బస్సులున్నాయి. హోసపేట బస్టాండ్ నుంచి హంపికి 13 కిలోమీటర్లు, బస్సులు తరచుగా ఉంటాయి. అయితే ఆరున్నరకి నడక మొదలవ్వాలంటే ముందు రాత్రి హంపిలోనే ఉండిపోండి, విరూపాక్ష గుడి దగ్గరే చిన్న గదులు దొరుకుతాయి. పొద్దున హడావుడిగా ఇడ్లీలు తినే బదులు రాత్రే పులిహోర ఏదైనా పొట్లం కట్టించుకోండి. మధ్యాహ్నం తిరిగొచ్చాక మండక్కి ఒగ్గరణె (మరమరాల తాలింపు), మిర్చి బజ్జీ అడగండి, మా వైపు ఉగ్గాని బజ్జీ అనేది అదే. విరూపాక్షుడి గుడిలో వెనక వైపు చీకటి గదిలో గోపురం నీడ గోడ మీద తలకిందులుగా పడుతుంది, బాబుకి అది సాయంత్రం గుడి తెరిచినప్పుడు చూపించండి, పొద్దున దాని కోసం ఆగితే ఎండ మీదకొచ్చేస్తుంది.