చెల్లీ, తిరుగు ప్రయాణాన్ని తేలిగ్గా తీసుకోకు

చెల్లీ,

మొన్న ఫోన్లో "ఇంకేముందక్కా, వచ్చేవారం విమానం ఎక్కేస్తాం, ఇంటికే కదా వచ్చేది" అన్నావు. ఆ మాట రెండు రోజులుగా నా చెవిలో తిరుగుతూనే ఉంది. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావని ఇలా రాస్తున్నా. మరిదిగారికి కూడా చదివి వినిపించు.

నేనూ మీ బావగారూ ఇప్పటికి ఐదుసార్లు అమెరికా వెళ్లొచ్చాం. వెళ్లేటప్పుడు ఒక్కసారి కూడా ఏ ఇబ్బందీ రాలేదు, పడిన కష్టమంతా వచ్చేటప్పుడే. వెళ్లేటప్పుడు మనకి భయం ఉంటుంది. పిల్లలు రోజూ ఫోన్ చేసి ఇది పెట్టుకున్నారా అది పెట్టుకున్నారా అని అడుగుతారు, ఎక్కడ దిగాలో ఎవరిని అడగాలో కాగితం మీద రాసిస్తారు. వచ్చేటప్పుడు మాత్రం తెలిసిన దారే, మన ఊరే అని ఆ జాగ్రత్త అంతా వదిలేస్తాం. దూరం తగ్గదు కదా. మీ అమ్మాయి వాళ్ల ఫ్రిస్కో ఇంటి నుంచి బయల్దేరి డాలస్ ఎయిర్‌పోర్టు, అక్కడి నుంచి దుబాయ్‌కి దాదాపు పదిహేను గంటలు, దుబాయ్‌లో ఆగడం, మళ్లీ మూడున్నర గంటలు హైదరాబాద్, అక్కడి నుంచి తెనాలి. గడప దాటినప్పటి నుంచి గడప తొక్కేదాకా లెక్కేస్తే ఒకటిన్నర రోజు. అరవై దాటిన మనకి అది చిన్న విషయం కాదు.

ముందు నీ చివరి వారం సంగతి. నాకు తెలుసు నువ్వేం చేస్తున్నావో. అమ్మాయికి నెలకి సరిపడా కందిపొడి, కారప్పొడి కొట్టి పెడుతుంటావు, ఫ్రీజర్ నిండా కూరలు సర్దుతుంటావు, రాత్రి పన్నెండు దాకా సూట్‌కేసులు. నేనూ అదే చేశాను. రెండోసారి వచ్చేటప్పుడు విమానం ఎక్కేసరికే నాకు నడుం పట్టేసింది, ఆ పదిహేను గంటలూ ఎలా కూర్చున్నానో నాకే తెలుసు. వంట పనులన్నీ బయల్దేరడానికి మూడు రోజుల ముందే ఆపెయ్. సూట్‌కేసులు రెండు రోజుల ముందే మూసెయ్. ఆ చివరి రెండు రోజులూ మనవడితో కూర్చో, వాడితో పార్కుకి వెళ్లు, రాత్రిళ్లు నిద్రపో. కందిపొడి అయిపోతే అక్కడి ఇండియన్ షాపులో దొరుకుతుంది. నువ్వు పక్కన కూర్చోవడం దొరకదు.

సామాను బరువు ఇంట్లోనే తూచుకోండి. మీ టికెట్‌లో మనిషికి రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు అని రాసి ఉందన్నావు కదా, 22 దగ్గర ఆపేయండి. మాకు ఒకసారి కౌంటర్ దగ్గర రెండు కిలోలు ఎక్కువ వచ్చి, వరుసలో అందరి ముందూ నేల మీద పెట్టె తెరిచి, చాక్లెట్లూ బాదంపప్పు ప్యాకెట్లూ ఈ పెట్టెలోంచి ఆ పెట్టెలోకి మార్చాం. అల్లుడు నవ్వుతూనే సర్దాడు గానీ మీ బావగారికి అప్పుడే బీపీ పెరిగిపోయింది. ఊళ్లో అందరికీ ఏదో ఒకటి తేవాలన్న ఆరాటం ఈసారికి తగ్గించుకో. మనల్ని చూడ్డానికి వచ్చేవాళ్లు మనం బాగున్నామా అని చూడ్డానికే వస్తారు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. మందులు చేతిసంచిలోనే ఉండాలి. బీపీవి, షుగరువి, థైరాయిడ్‌వి, అన్నీ. ఒక రోజుకి సరిపడా కాదు, కనీసం వారానికి సరిపడా. మూడోసారి వచ్చేటప్పుడు ఇంటికే కదా అని నేను మందులన్నీ పెద్ద పెట్టెలో పెట్టేశాను. ఆ పెట్టె మాతో రాలేదు, మూడు రోజుల తర్వాత వచ్చింది. శంషాబాద్‌లో దిగి, పెట్టె కోసం బెల్టు దగ్గర గంటన్నర నిలబడి, మందు వేసుకునే వేళ దాటిపోయి నాకు కళ్లు తిరిగాయి. మరిదిగారు ఇన్సులిన్ తీసుకుంటారు కాబట్టి నీకు ఇంకా గట్టిగా చెప్తున్నా. ఇన్సులిన్‌ని కింద సామానులో పెడితే ఆ చలికి గడ్డకట్టి పాడైపోయే ప్రమాదం ఉంది, అది చేతిసంచిలోనే రావాలి, డాక్టర్ చీటీతో సహా. ఇంకొకటి, మీరు తూర్పు వైపు వస్తున్నారు కాబట్టి మధ్యలో రాత్రి చిన్నదైపోతుంది. ఏ గడియారం ప్రకారం ఇంజెక్షన్ తీసుకోవాలో, ఎంత తీసుకోవాలో బయల్దేరే ముందే మన డాక్టర్‌గారికి ఫోన్ చేసి కాగితం మీద రాసుకోండి. విమానంలో కూర్చుని లెక్కలు వెయ్యొద్దు. భోజనం ట్రే చేతికి వచ్చేదాకా ఇంజెక్షన్ తీసుకోవద్దని కూడా మరిదిగారికి చెప్పు, ఒక్కోసారి కుదుపుల వల్ల భోజనాలు ఆపేస్తారు. సంచిలో బిస్కెట్లు, నాలుగు చపాతీలు ఉండనివ్వు.

అదే సంచిలో పాస్‌పోర్టులు, ఒక జత బట్టలు, శాలువా, కళ్లజోడు. పవర్ బ్యాంకు కూడా చేతిసంచిలోనే పెట్టాలి, కింద సామానులో పెట్టనివ్వరు. తేనె, లోషన్లు, పీనట్ బటర్ లాంటివి మాత్రం పెద్ద పెట్టెలోకి, సెక్యూరిటీ దగ్గర వాటిని నీళ్ల లెక్కలోనే వేసి తీసేస్తారు.

వీల్‌చైర్ అడగండి. టికెట్ కొన్న చోటే ముందుగా చెప్పించు అమ్మాయితో, కనీసం రెండు రోజుల ముందు, దానికి డబ్బేమీ తీసుకోరు. మరిదిగారు "నాకేం, నేను నడవగలను" అంటారని తెలుసు. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి దుబాయ్‌లో ఒక గేటు నుంచి ఇంకో గేటుకి, మధ్యలో రైలు కూడా ఎక్కి, వెళ్లడం ఎంత దూరమో ఆయనకి వచ్చేటప్పుడు గుర్తుండదు. అయితే వీల్‌చైర్ తీసుకున్నవాళ్లని ఒక్కోసారి ఒకచోట కూర్చోబెట్టి వేరే వాళ్లని తీసుకురావడానికి వెళ్తారు, అక్కడ నిశ్చింతగా నిద్రపోకూడదు. అక్కడ మన రైల్వే స్టేషన్‌లోలాగా ప్రతి విమానానికీ మైకులో పిలవరు, బోర్డు చూసుకోవాలి, గేటు మారినా బోర్డు మీదే తెలుస్తుంది. ఫోన్లో అలారం పెట్టుకో, గంట ముందే అక్కడున్న వాళ్లని లేచి అడుగు. తెలుగువాళ్లు తప్పకుండా కనిపిస్తారు, మొహమాటం లేకుండా పలకరించు. నాకు అక్కడ సాయం చేసినవాళ్లలో సగం మంది ముక్కూమొహం తెలియని మన పిల్లలే.

డాలస్‌లో ఇమిగ్రేషన్ స్టాంపు వెయ్యలేదని కంగారు పడకు. అమెరికాలో బయటికి వెళ్లేటప్పుడు స్టాంపు వేసే కౌంటర్ ఉండదు, మీరు వెళ్లిపోయిన సంగతి విమానం వాళ్ల నుంచి వాళ్లకి చేరుతుంది. కానీ బోర్డింగ్ పాసులు పారేయొద్దు, మళ్లీ వెళ్లేదాకా దాచు, రేపు ఎప్పుడైనా రికార్డులో తేడా వస్తే మీరు గడువులోపే వచ్చేశారని చూపించడానికి పనికొస్తాయి. వాటి వెనక అంటించే సామాను చీటీలు కూడా అలాగే.

ఇక విమానంలో. ఇది మాత్రం మీ బావగారికి జరిగింది కాబట్టి చెప్తున్నా, ఇప్పటికీ తలుచుకుంటే గుండె దడగా ఉంటుంది. నాలుగో ప్రయాణంలో ఆయన కిటికీ పక్క సీటు అడిగి తీసుకుని, నిద్రమాత్ర వేసుకుని, దుబాయ్ దాకా ఒక్కసారే లేచారు. మధ్యలో కూర్చున్న నేను హాయిగా నిద్రపోతున్నారులే అనుకున్నాను. ఇంటికొచ్చిన నాలుగో రోజు ఎడమ కాలి పిక్క వాచి, ముట్టుకుంటే వేడిగా ఉంది. ప్రయాణం నొప్పే అనుకుని నేను రెండు రోజులు నూనె రాసి మర్దనా చేశాను. తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్తే స్కాన్ తీయించి, రక్తనాళంలో గడ్డ కట్టిందన్నారు. మర్దనా చేశానని చెప్పగానే డాక్టర్‌గారి మొహం మారిపోయింది, ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం మీదికి వచ్చేదట. మూడు నెలలు రక్తం పలచబరిచే మందులు వాడారు, ఇప్పుడు బాగానే ఉన్నారు. కానీ ఆ రెండు రోజులు నా చేతులతో నేనేం చేశానో తలుచుకుంటే ఈ రోజుకీ నిద్ర పట్టదు.

అందుకే ఇద్దరూ నడవ పక్క సీట్లే అడగండి, ఒకరి వెనక ఒకరైనా పర్వాలేదు. గంటన్నరకో రెండు గంటలకో ఒకసారి లేచి ఆ చివరిదాకా నడిచి రండి. కూర్చున్నప్పుడు కూడా మడమలు నేలకి ఆనించి వేళ్లు పైకి, వేళ్లు ఆనించి మడమలు పైకి, ఇరవై సార్లు. బాత్రూంకి లేవాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేస్తావు నువ్వు, చిన్నప్పటి నుంచీ బస్సు ప్రయాణంలో నీకదే అలవాటు. విమానంలో గాలి బాగా పొడిగా ఉంటుంది, గొంతు ఎండుతుంది, తలనొప్పి వస్తుంది. నీళ్లు తాగు, లేవాల్సి వస్తే లే, అదే కాళ్లకి మంచిది కూడా. నిద్రమాత్రలు వద్దు. బిగుతుగా ఉండే మేజోళ్లు ఉంటాయి, అవి వేసుకోవచ్చా లేదా అన్నది మరిదిగారి విషయంలో డాక్టర్‌ని అడిగే తేల్చుకోండి, షుగర్ ఉన్న కాళ్లకి అందరికీ సరిపడవు. వచ్చాక కూడా రెండు మూడు వారాలు కాళ్లు చూసుకుంటూ ఉండండి. ఒక్క కాలే వాచినా నొప్పి పెట్టినా ఆ రోజే డాక్టర్ దగ్గరికి. ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే మాత్రం ఎవరికోసం ఆగొద్దు, 108 కి ఫోన్ చెయ్యండి.

శంషాబాద్‌లో పెట్టె రాకపోతే బయటికి వచ్చేయకండి. అక్కడే విమానం వాళ్ల కౌంటర్‌లో ఫిర్యాదు రాయించి, నంబరున్న కాగితం తీసుకునే కదలండి. పెట్టె పగిలినా అప్పుడే చూపించండి.

దిగేది తెల్లవారుజామున మూడింటికి. అక్కడి నుంచి నేరుగా తెనాలి వచ్చేస్తామంటున్నారు మరిదిగారు, కారు కూడా మాట్లాడేశారట. చెల్లీ, ఈ ఒక్క విషయంలో ఆయన్ని నువ్వే ఒప్పించాలి. మూడోసారి మేమూ అలాగే వచ్చాం. పొద్దుటి నుంచి కారు నడిపి, రాత్రంతా ఎయిర్‌పోర్టు బయట మా కోసం మేలుకున్న డ్రైవర్, పాపం చిన్న పిల్లాడు, సూర్యాపేట దాటాక కునుకు తీశాడు. కారు డివైడర్‌ని రాసుకుంటూ వెళ్లింది. ఎవరికీ ఏమీ కాలేదు. అప్పటి నుంచి మేం ఆ రోజుకి హైదరాబాద్‌లోనే ఆగుతున్నాం. కూకట్‌పల్లిలో మీ ఆడపడుచుగారి ఇల్లు ఉండనే ఉంది. ఒక రోజు ఉండండి, స్నానం చేసి, వేడిగా పప్పన్నం తిని, ఒక రాత్రి పడుకుని, మర్నాడు పొద్దున వెలుగులో బయల్దేరండి. విజయవాడ దాకానే ఐదు గంటలు, కోదాడ దగ్గర ఆగి టీ తాగి రావచ్చు. ఆర్నెల్లు వదిలి ఉన్న ఇల్లు ఇంకో రోజు ఆగుతుంది.

ఇంటికొచ్చాక నిద్ర సంగతి. అక్కడికీ ఇక్కడికీ ఇప్పుడు పదిన్నర గంటల తేడా. పగలు కళ్లు మూతలు పడతాయి, రాత్రి రెండింటికి ఆకలేస్తుంది. సర్దుకోవడానికి నాకు ప్రతిసారీ పది రోజులు పట్టింది. పొద్దున్నే ఎండలో అరగంట నడువు, మధ్యాహ్నం పడుకున్నా అరగంటే, రాత్రి మెలకువ వస్తే ఫోన్ పట్టుకోకు. మొదటి వారం చుట్టాలెవ్వర్నీ భోజనానికి పిలవకు, బ్యాంకు పనులు, సంతకాల పనులు పెట్టుకోకు. మరిదిగారు స్కూటర్ తియ్యకూడదు.

ఆ రోజుల్లోనే ఇంకోటి కూడా వస్తుంది, ఎవరూ ముందుగా చెప్పరు. రాత్రి మెలకువగా కూర్చున్నప్పుడు ఇల్లంతా నిశ్శబ్దంగా ఉండి, అక్కడ ఇప్పుడు బాబు స్కూలు నుంచి వచ్చే వేళ అయిందని గుర్తొస్తుంది. నేను మొదటిసారి వారం రోజులు వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను, ఏదో జబ్బు చేసిందేమో అనుకున్నారు మీ బావగారు. నీకు ఏడుపొస్తే నాకు ఫోన్ చెయ్యి, ఎన్ని గంటలకైనా. బయల్దేరే రోజు ఎయిర్‌పోర్టులో మాత్రం బాబుకి ముందే చెప్పి, ముద్దు పెట్టి, చెయ్యి ఊపి లోపలికి వెళ్లు. వాడు నిద్రపోతున్నప్పుడు చెప్పకుండా వచ్చేస్తే లేచి వెతుక్కుంటాడు. మా పెద్ద మనవడికి నేను అలా చేశాను, వాడు తర్వాత చాలా రోజులు మా గది తలుపు తీసి చూసేవాడట.

మీ ఇంటి తాళం నా దగ్గరే ఉంది కదా. శుక్రవారం వెళ్లి కిటికీలు తీయించి, ట్యాంకు కడిగించి, ఫ్రిజ్ వేయించి పెడతాను. తులసి కోటలో మొక్క ఎండకుండా ఎదురింటివాళ్లే చూశారు. మీరొచ్చే రోజు పాలు, పెరుగు, కాస్త చారు, బీరకాయ కూర పంపిస్తాను, వంట జోలికి వెళ్లకు. దుబాయ్‌లో దిగగానే ఒక మెసేజ్ పెట్టు, శంషాబాద్‌లో దిగాక ఫోన్ చెయ్యి, నేను మేలుకునే ఉంటాను.

మీ అక్క