వాన వెలిసిన చెన్నపట్నం

అక్టోబరు నుంచి నాకొచ్చే ఉత్తరాల్లో సగం "అక్కడ వానలు తగ్గాయా?" అనే. ఈ నెల ధైర్యంగా చెబుతున్నాను: తగ్గాయి. మా వేళచ్చేరి వీధిలో పాచి ఎండి పెచ్చులు లేస్తోంది. నా వాతావరణ శాఖ అదే.

ప్రశ్న: అక్కయ్యగారూ, మేమిద్దరం రిటైరయ్యాం. సంక్రాంతి సెలవుల్లో అబ్బాయి కుటుంబంతో కలిసి నాలుగు రోజులు చెన్నై చూద్దామనుకుంటున్నాం. వాన భయం లేదు కదా? ఏ రోజులు మంచివి? — ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు వాన సంగతి. మీకు జూన్‌లో పట్టుకునే వాన మాకు పడమటి కొండలు దాటి పెద్దగా రాదు. ఏ సాయంత్రమో ఒక జల్లు, అంతే. ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరుల మధ్య సముద్రం వైపు నుంచి వచ్చి మీద పడుతుంది. మా దీపావళి టపాకాయలు సగం తుస్సుమనేది అందుకే. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను మా తీరం పక్కనే తిష్ఠ వేసి, మా ఇంట్లో మోకాలి లోతు నీళ్ళు పెట్టి, తాపీగా వెళ్ళి మీ బాపట్ల దగ్గర తీరం దాటింది. హాల్లో గోడ మీద ఆ నీటి గీత ఇంకా ఉంది. రెండుసార్లు రంగు వేయించాం. ఎండాకాలం కనబడదు. నవంబరు చెమ్మ తగలగానే గోధుమరంగులో మళ్ళీ తేలుతుంది, జానెడు ఎత్తున ఉన్న స్విచ్ బోర్డుని దాటుకుని.

జనవరి రెండో వారానికి ఈ బెడద దాదాపు ఉండదు. పగలు 29, 30 డిగ్రీలు, తెల్లవారుజామున 21. అయినా సంక్రాంతికి మాత్రం రావద్దనే చెబుతాను. భోగి పొద్దున వీధివీధినా పాత సామాను తగలబెట్టిన పొగ మంచుతో కలిసి కూర్చుంటుంది. కొన్నేళ్ళు విమానాలు కూడా ఆలస్యమయ్యాయి. పండగకి సగం ఊరు సొంతూళ్ళకి పోతుంది, చిన్న హోటళ్ళు మూసేస్తారు. మన ముక్కనుమ వీళ్ళకి కాణుం పొంగల్. ఆ రోజు మెరీనాలో ఇసుక కనబడదు, తలకాయలే. మనవల చెయ్యి వదిలితే పోలీసు మైకులో పేరు వినాల్సిందే.

సంక్రాంతి దాటాక వచ్చే మొదటి పున్నమికి రండి. వీళ్ళు తై పూసం అంటారు. ఆ రోజుల్లో మైలాపూరు కపాలీశ్వరుడి కోనేట్లో మూడు రాత్రులు తెప్పోత్సవం. ఖాళీ పీపాల మీద చెక్కలు కట్టి, మీద మండపం లేపి, దీపాలు తోరణాలు పెడతారు. దేవుడెక్కాక మెట్ల మీద నుంచి జనమే తాళ్ళు పట్టి లాగుతారు. నాదస్వరం నీళ్ళ మీదుగా వస్తుంటే ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా వినబడుతుంది. వానలు మొహం చాటేసిన ఏళ్ళలో ఇదే కోనేరు అడుగు బయటపడి పిల్లలు క్రికెట్ ఆడుకోవడం నేను చూశాను. నవంబరులో మమ్మల్ని మంచాలెక్కించిన నీళ్ళే తై పూసానికి స్వామిని మోస్తాయి, మరి తిట్టడం ఎలా?

తెనాలిలో పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి సెంట్రల్లో దిగుతారు. గది మైలాపూరు చుట్టుపక్కలే తీసుకోండి. మెట్రో తవ్వకాలతో లజ్ మూల దగ్గర దారులన్నీ మళ్ళించారు, ఆటో అతను ఊరంతా తిప్పుతున్నాడని తగువు పెట్టుకోకండి. పాపం, అతను కూడా దారి వెతుక్కుంటున్నాడు.

ఒక నష్టం మాత్రం ఉంది. ధనుర్మాసం భోగితో అయిపోతుంది కాబట్టి మాడవీధుల్లో తెల్లవారకముందే వేసే పెద్ద ముగ్గులు, ముగ్గు మధ్య పేడముద్దలో గుచ్చిన గుమ్మడిపువ్వు చూడలేరు. మన గొబ్బెమ్మకి అరవ చెల్లెలు అది. అవే కావాలంటే భోగికి వారం ముందు రండి, తెప్ప వదులుకోండి.

ప్రశ్న: డిసెంబరు కచేరీలకి వస్తే తమిళం రానివాళ్ళకి ఏమైనా బోధపడుతుందా? — సంగీతం అంతంత మాత్రం తెలిసిన పాఠకుడు, రాజమండ్రి

జవాబు: మీకే బోధపడుతుంది! త్యాగయ్య పాడింది తెలుగులోనే కదా. సభలో మూడు గంటలు వింటే అందులో సగం మన భాషే. ఒకసారి పక్క సీటు మామి "పలుకవేమి అంటే ఏంటమ్మా?" అని అడిగింది. "మాట్లాడవేం" అన్నాను. "అయ్యో, ఇన్నాళ్ళూ ఎవర్నో పిలుస్తున్నాడనుకున్నాను" అంది. మ్యూజిక్ అకాడమీ 1928 నాటిది, అక్కడ సాయంత్రం టికెట్టు దొరకడం కష్టం. మధ్యాహ్నం కచేరీలకి చాలా సభల్లో ఊరికే కూర్చోబెడతారు, కుర్రవాళ్ళు ప్రాణం పెట్టి పాడేది అప్పుడే. ఆకలేస్తే సభ కాంటీన్‌కి వెళ్ళండి. మా ఆయన పాతికేళ్ళు కచేరీలకి వచ్చారు. ఏ రాగమూ గుర్తులేదు గానీ ఏ సభలో రవ్వదోసె బాగుంటుందో వరసగా చెప్పేవారు.

ప్రశ్న: మేడమ్, నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. జనవరిలో చెన్నై బీచ్‌లో తాబేళ్ళు గుడ్లు పెడతాయట. రాత్రి చూపిస్తారా? పిల్లలు సముద్రంలోకి వెళ్ళడం కూడా చూడొచ్చా? — వరంగల్

జవాబు: బాబూ, రెండూ జనవరిలోనే దొరకవు. జనవరిలో పెట్టిన గుడ్లు పొదగడానికి నెలన్నర పైనే పడుతుంది. పిల్లల్ని చూడాలంటే మార్చిలో రా. సాయంకాలం బెసెంట్ నగర్ వైపు, గుడ్లు పొదిగించే హేచరీ దగ్గర వదులుతుంటారు.

రాత్రి నడక సంగతి. 1988 నుంచి విద్యార్థులే నడుపుతున్న స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్జర్వేషన్ నెట్‌వర్క్ అని ఒక బృందం ఉంది. సీజన్లో నీలాంకరై నుంచి బెసెంట్ నగర్ దాకా దాదాపు 7 కిలోమీటర్లు ఇసుకలో నడుస్తారు. వారాంతాల్లో మనలాంటివాళ్ళని కూడా తీసుకెళ్తారు. టార్చి వెయ్యకూడదు, ఫ్లాష్ అసలు కూడదు. నేను అరవై ఒకటో ఏట వెళ్ళాను. బతికున్న తాబేలు కనబడలేదు. ట్రాక్టర్ చక్రం దొర్లినట్టు ఒక జాడ నీళ్ళలోంచి పైకొచ్చి, మళ్ళీ నీళ్ళలోకి పోయింది. ఒక కుర్రాడు సన్న కర్రతో ఇసుకని మెల్లగా పొడుస్తూ పొడుస్తూ ఒకచోట ఆగాడు. మోచేతి లోతు చెయ్యి పెట్టి ఒక్కొక్క గుడ్డే తీశాడు. నా అరచేతిలో ఒకటి పెట్టాడు. పెద్ద నిమ్మకాయంత. పెంకు గట్టిగా ఉండదు, వేలు ఆనితే అప్పడాల పిండి ఉండలా సొట్టపడుతుంది. అన్నీ లెక్కపెట్టి గుడ్డసంచీలో వేసుకుని హేచరీకి పట్టుకెళ్ళారు.

చచ్చిపోయినవి కూడా కనబడతాయి, ముందే చెబుతున్నాను. 2025 జనవరిలో ఈ తీరానికి వందల కొద్దీ కొట్టుకొచ్చాయి. వలల్లో చిక్కితే పైకొచ్చి ఊపిరి పీల్చుకోలేవు. ఇక మెరీనాలో స్నానం జోలికి పోవద్దు. కింద నీటి లాగుడు ఎక్కువ, పోలీసులు ఒప్పుకోరు, వాళ్ళు చూడనప్పుడు దిగినవాళ్ళ ఫొటోలు పేపర్లో పడుతుంటాయి.

ప్రశ్న: పొట్టి శ్రీరాములుగారు ప్రాయోపవేశం చేసిన ఇల్లు చూడొచ్చా? — ఒక ఉపాధ్యాయుడు, కావలి

జవాబు: చూడొచ్చు. మైలాపూరు, రాయపేట హైరోడ్డు, 126 నంబరు. బులుసు సాంబమూర్తిగారి ఇల్లు, ఇప్పుడు స్మారక భవనం. కపాలీశ్వరుడి గుడి నుంచి నడిచిపోవచ్చు. 1952 అక్టోబరు 19న మొదలుపెట్టి డిసెంబరు 15 రాత్రి ప్రాణం వదిలారు. 58 రోజులు. బడిలో పిల్లలకి ఈ పాఠం ముప్ఫై ఏళ్ళు చెప్పాను గానీ, ఆ తేదీలు సరిగ్గా ఈ ఊరి వానాకాలమని రిటైరయ్యాక, ఒక నవంబరు సాయంత్రం గొడుగేసుకుని ఆ వాకిట్లో నిలబడ్డప్పుడు తట్టింది.

ప్రశ్న: స్వెట్టరు తెచ్చుకోవాలా? — హైదరాబాద్

జవాబు: అక్కర్లేదు. దోమల మందు తెచ్చుకోండి, వాన వెళ్ళినా దోమ వెళ్ళదు. గుడికి పోయేటప్పుడు పాత చెప్పులు వేసుకోండి.