ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉంటే కారుకు ఏ రిపేరు వచ్చినా ఉచితమేనా?

కాదు. కంపెనీ వారంటీ ముగిశాక లోపలి భాగమేదైనా దానంతటది పాడైతే ఆ ఖర్చు భరిస్తామనే ఒప్పందం ఇది. ఇంజిన్, గేర్‌బాక్స్ దాదాపు అన్ని ప్లాన్లలోనూ ఉంటాయి. ఏసీ, ఎలక్ట్రానిక్స్ మాత్రం ప్లాన్‌ను బట్టి.

వాడేకొద్దీ అరిగిపోయే బ్రేక్ ప్యాడ్లు, టైర్లు, వైపర్లు సాధారణంగా ఉండవు. ఆయిల్ మార్పు, సర్వీసింగ్ మీ ఖర్చే. ఎక్కడైనా గుద్దినా, వరదలో మునిగినా అది ఇన్సూరెన్స్ పని (చాలామంది వారంటీని, ఇన్సూరెన్స్‌ను కలిపేసుకుంటారు).

అసలు పేచీ వచ్చేది కారణం దగ్గర. రేడియేటర్ పైపు లీకై, ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం (కూలెంట్) కారిపోయిందనుకోండి. టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటినా ఆపకుండా ఇంటిదాకా నడిపితే ఇంజిన్ పైభాగమైన సిలిండర్ హెడ్ వంగిపోవచ్చు. ఇంజిన్‌కు కవరేజీ ఉన్నా, వేడెక్కాక నడపడం మీ తప్పంటూ క్లెయిమ్ తిరస్కరించవచ్చు. సమయానికి సర్వీసు చేయించినట్టు బిల్లులు చూపలేకపోయినా ఇదే తంతు.

బ్రోచర్ పక్కన పెట్టి, ఒప్పందంలో 'వర్తించనివి' అనే భాగం ముందు చదవండి. నేనైతే అక్కడే మొదలుపెడతాను. కవరయ్యే భాగాల పేర్లు మాత్రమే ఇచ్చిన ప్లాన్‌లో, జాబితాలో లేనిది లేనట్టే. వర్తించనివి మాత్రమే రాసి, మిగతావన్నీ కవరవుతాయనే ప్లాన్ సాధారణంగా మేలు, ధర కాస్త ఎక్కువైనా.