బ్రౌజింగ్‌కే కదా అని 4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ కొనకండి

ప్రశ్న: టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇంట్లోకి ఒక ల్యాప్‌టాప్ కావాలి. పేపర్లు చదువుకోవడం, మెయిల్, యూట్యూబ్, మా అమ్మాయితో వీడియో కాల్, బ్యాంకు పనులు, అంతే. ఎక్కువ పెట్టలేను. షాపులో అడిగితే ఐ7 తీసుకోండి మేడమ్ అంటున్నారు. మా అన్నయ్య కొడుకేమో "బ్రౌజింగే కదా అత్తా, 4 జీబీది చాలు" అంటున్నాడు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఇద్దరి మాటా పక్కన పెట్టండి మేడమ్. మీ పనికి ఐ7 లాంటి ఖరీదైన ప్రాసెసర్ (ల్యాప్‌టాప్‌కి మెదడు లాంటిది) అక్కర్లేదు, 4 జీబీ ర్యామ్ (తెరిచిన పనులు నడవడానికి వాడే మెమరీ) సరిపోదు. బ్రౌజింగ్ చిన్న పని అనుకుంటాం కానీ మామూలు వాడకంలో ల్యాప్‌టాప్‌ని ఎక్కువ సతాయించేది బ్రౌజరే. ఒక పేజీ మొరాయిస్తే మిగతావి ఆగిపోకుండా క్రోమ్, ఎడ్జ్ లాంటివి ట్యాబ్‌లను విడివిడి ప్రోగ్రాముల్లా నడుపుతాయి, దాంతో ట్యాబ్‌లు పెరిగేకొద్దీ ర్యామ్ ఖర్చయిపోతుంది. నమ్మకం కుదరకపోతే మీ మేనల్లుడి ల్యాప్‌టాప్‌లో పేపరు, మెయిల్, ఒక యూట్యూబ్ వీడియో తెరిచి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో మెమరీ ఎంత వాడకంలో ఉందో చూడండి. విండోస్ 11 అయితే ఏమీ తెరవకముందే 4 జీబీలో సగానికి పైగా అదే తీసుకుంటుంది. అందుకని 8 జీబీకి తగ్గకండి.

రెండోది స్టోరేజ్, అంటే ఫైళ్లు, ఫోటోలు దాచుకునే జాగా, దీని గురించి కాస్త గట్టిగానే చెప్తాను, ఎందుకంటే మా అమ్మ విషయంలో దెబ్బతిన్నాను. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ ఉన్న చవక ల్యాప్‌టాప్ ఒకటి కొనిచ్చాను. ఆరు నెలలు బాగానే నడిచింది. తర్వాత విండోస్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ జాగా లేదని మెసేజ్, మా అమ్మ కూర్చుని మనవరాలి ఫోటోలు ఒక్కొక్కటే డిలీట్ చేసేది, అయినా చాలేది కాదు. మార్పిద్దామని విప్పిస్తే ర్యామ్, స్టోరేజ్ రెండూ బోర్డు మీద అతికించేసి ఉన్నాయి, చేయగలిగింది ఏమీ లేదన్నారు. అలాంటి వాటిలో ఉండేది ఈఎమ్ఎమ్‌సీ అనే చవక, నెమ్మది రకం స్టోరేజ్, వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ కాదు. వివరాల్లో ఆ మాట కనిపిస్తే వదిలేయండి. 256 జీబీ ఎస్ఎస్‌డీ మీకు ధారాళంగా సరిపోతుంది. తిరిగే హార్డ్ డిస్క్ ఒక్కటే ఉన్నది 1 టీబీ ఇస్తామన్నా వద్దు, ఆన్ చేసి కాఫీ పెట్టుకుని వచ్చేదాకా తిరుగుతూనే ఉంటుంది.

ప్రాసెసర్ దగ్గర పేరు కంటే నంబరు చదవండి. ఐ5 7200యూ పాత ఏడో జనరేషన్‌ది, అందులో ఉన్నవి రెండే కోర్లు (ప్రాసెసర్‌లో ఒకేసారి పనిచేసే భాగాలు). 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 చవకదే అయినా నాలుగు కోర్లు, మీ పనికి చాలు. డబ్బు కొంచెం కలిస్తే ఐ3 1215యూ ఇంకా హాయిగా ఉంటుంది. సెలెరాన్ ఎన్4020 లాంటి రెండు కోర్లవి వద్దు. ఏఎమ్‌డీ కంపెనీ ప్రాసెసర్ రైజెన్ 3 7320యూ కూడా మంచిదే, కాకపోతే దాంతో వచ్చే ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, తర్వాత పెంచలేం, కొనేటప్పుడే 8 జీబీది తీసుకోవాలి.

మిగిలిన డబ్బు స్క్రీన్ మీద పెట్టండి. రోజూ చదివేది మీ కళ్లు కదా. 1366, 768 పిక్సెళ్ల పాత రకం స్క్రీన్ మీద మన ఒత్తులు కలిసిపోతాయి. షాపులో తెలుగు పేపరు వెబ్‌సైట్ తెరిపించి, అక్షరాలు పెద్దవి చేయకుండా "రాష్ట్రం" లాంటి మాట ఎలా కనిపిస్తుందో చూడండి. ట వత్తు, క్రావడి విడివిడిగా తెలియాలి. 1920, 1080 పిక్సెళ్ల ఐపీఎస్ స్క్రీన్ మీద తెలుస్తాయి, పక్క నుంచి చూసినా రంగు వెలిసినట్టు ఉండదు. అలాగే నిలబడి కాదు, కుర్చీ అడిగి కూర్చుని ఒక పేరా టైప్ చేసి చూడండి.

ప్రశ్న: ఆఫీసులు వాడి తీసేసిన ల్యాప్‌టాప్‌లు బాగుచేసి అమ్ముతున్నారు కదా, కొనొచ్చా? ఇంట్లో విండోస్ 10 పాతది కూడా ఉంది, దాన్ని ఏం చేయాలి?

జవాబు: కొనొచ్చు, నన్నడిగితే చవక కొత్తదాని కంటే అదే మేలు చాలాసార్లు. లెనోవో థింక్‌ప్యాడ్, డెల్ ల్యాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ లాంటివి రోజంతా పనిచేయడానికి చేసినవి, కీబోర్డు, మడత దగ్గర కీళ్లు గట్టిగా ఉంటాయి. అయితే ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్‌కి తగ్గకూడదు, అంతకు ముందువాటికి, ఏవో కొన్నింటికి తప్ప, మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం విండోస్ 11 అర్హత లేదు. బ్యాటరీ మాత్రం నోటి మాట మీద నమ్మకండి. విండోస్‌లోనే బ్యాటరీ రిపోర్ట్ తీసే కమాండ్ ఉంది, తీయించి చూడండి. డిజైన్ కెపాసిటీ 50,000 అని ఉండి ఫుల్ చార్జ్ కెపాసిటీ 30,000 అని ఉంటే బ్యాటరీలో 60 శాతమే మిగిలిందన్న మాట, కొత్త బ్యాటరీ ఖర్చు కలుపుకుని బేరమాడండి.

మీ పాతదాన్ని అప్పుడే పడేయొద్దు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి, కాబట్టి దాన్ని అలాగే ఉంచి బ్యాంకు పనులు చేయడం మంచిది కాదు. అందులో హార్డ్ డిస్క్ ఉంటే తీసేసి ఎస్ఎస్‌డీ వేయించండి, విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించండి. అది ఉచితం. ఎక్కించే ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి వైఫై, సౌండ్, కెమెరా పనిచేస్తున్నాయో లేదో చూసుకోవచ్చు. ఫోటోలు, కాగితాలు ముందుగా వేరే చోట కాపీ చేసుకోండి, ఎక్కించేటప్పుడు డిస్క్ మొత్తం తుడిచిపెట్టుకుపోవచ్చు.

ప్రశ్న: విండోస్ బదులు గూగుల్ సిస్టమ్‌తో నడిచే క్రోమ్‌బుక్ చవకగా వస్తోంది. తీసుకోనా?

జవాబు: మీ పనంతా బ్రౌజర్‌లోనే అయితే తీసుకోండి, విండోస్ సాఫ్ట్‌వేర్ ఒక్కటైనా తప్పనిసరి అయితే వద్దు. పదేళ్ల అప్‌డేట్లు ఇస్తామని గూగుల్ 2023లో చెప్పింది కానీ ఆ లెక్క మీరు కొన్న రోజు నుంచి కాదు, ఆ రకం మొదట వచ్చినప్పటి నుంచి. చవకగా ఇస్తున్నారంటే పాత మోడల్ కావచ్చు, అప్‌డేట్లు ఎప్పటితో ఆగుతాయో గూగుల్ సపోర్ట్ పేజీలో మోడల్ పేరుతో వెతికి, ఆ తేదీ చూశాకే డబ్బు కట్టండి.