ల్యాబ్ (ల్యాబ్రడార్ కుక్క) రంగును బట్టి దాని గుణం ఉంటుందా? మా ఇంట్లో రెండు రంగులూ ఉన్నాయి

"ఇంట్లో చిన్నపిల్లలున్నారు. నల్ల ల్యాబ్ కోపిష్టిది, క్రీమ్ రంగుది శాంతం, చాక్లెట్ రంగుది మాట వినదు అంటున్నారు. ఏది తెచ్చుకోవాలి?" అని ఒకరు అడిగారు.

మీకు నచ్చిన రంగు తెచ్చుకోండి. రంగుకూ గుణానికీ సంబంధం లేదు. నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది.

మాది నల్గొండ దగ్గర పల్లె, బత్తాయి తోట ఉంది. మా దగ్గర రెండు ల్యాబ్‌లున్నాయి. మబ్బు నల్లది, సన్నీ క్రీమ్ రంగుది. రెండూ మగవే, ఒకే తల్లికి ఒకే ఈతలో పుట్టినవి. తల్లి నల్లది, తండ్రి క్రీమ్. పిల్లల్ని చూడటానికి మేమూ, మహబూబ్‌నగర్‌లో ఉండే మా అక్కా బావా కలిసే వెళ్లాం. క్రీమ్ పిల్లలకు అప్పటికే చాలామంది అడ్వాన్సులు ఇచ్చేశారు. నల్లవాటిని అడిగేవాళ్లు లేరు, ధర కూడా తక్కువే. బావ క్రీమ్ పిల్లే కావాలని పట్టుబట్టి తీసుకున్నారు. అదే సన్నీ, మా దగ్గరికి తర్వాత వచ్చింది. నేను నా కాళ్ల మీదకొచ్చి పడుకున్న నల్లదాన్ని ఎత్తుకున్నాను. ఇంటికి రాగానే మా అత్తమ్మ గడపలోనే ఆపింది. "కర్రె కుక్కను ఇంట్ల పెట్టుకుంటరా బిడ్డా? పోయి మార్చుకొని రారాదు" అన్నది. నేను మార్చలేదు.

ఒకే ఈతలో రెండు రంగులు ఎలా అని మీకు అనుమానం రావచ్చు. నలుపా, చాక్లెటా అన్నది ఒక జన్యువు తేలుస్తుంది. ఆ రంగు వెంట్రుకల్లో కనబడాలా వద్దా అన్నది ఇంకో జన్యువు పని. కనబడనివ్వని రకం తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తే పిల్ల క్రీమ్ రంగులో పుడుతుంది. మా సన్నీ ముక్కు చూడండి, బొగ్గులా ఉంటుంది. ఒకే తల్లి పాలు తాగిన పిల్లల్లో నల్లది కోపిష్టిదీ, క్రీమ్‌ది సాధువూ ఎలా అవుతాయి?

ఇప్పుడు మహబూబ్‌నగర్ సంగతి చెప్తాను. మా అక్క బిడ్డకు ఓణీల ఫంక్షన్ చేశారు. మే నెల, ఎండ మండిపోతోంది. ఇంటి ముందు టెంటు, పక్కనే జనరేటర్, దాని పక్కన డీజే బాక్సులు. సన్నీని గేటు స్తంభానికి కట్టేశారు. గొలుసు పొడవు మూరెడుంటే ఎక్కువ. చిన్నప్పటి నుంచీ దాని బతుకు ఆ స్తంభం దగ్గరే. బయట తిప్పేవాళ్లు లేరు, దగ్గర కూర్చునేవాళ్లు లేరు. పొద్దునా సాయంత్రం ఇంత పెరుగన్నం పడేసేవాళ్లు. అక్కను అడిగితే "కాపలాకే కదా తెచ్చింది" అనేది.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాలు నడుస్తున్నాయి. మటన్ బేసిన్లు సన్నీ ముందు నుంచే పోతున్నాయి. అది పొద్దున్నుంచి ఏమీ తినలేదని నాకు తర్వాత తెలిసింది. గిన్నెలో నీళ్లు కూడా అయిపోయాయి. పిల్లలు ఎముకలు చూపించి వెనక్కి లాక్కుంటున్నారు. నేను లేచి వాళ్లను అదిలించేలోపే వంటవాళ్లతో వచ్చిన పిల్లగాడు ఎంగిలి విస్తళ్ల టబ్బు ఎత్తుకుని దాని పక్క నుంచి వెళ్లాడు. సన్నీ ఒక్కసారి ఎగిరి అతని ముంజేయి పట్టుకుంది. విస్తళ్లన్నీ కింద పడ్డాయి, డీజే ఆగింది, ఆడవాళ్లు కేకలు పెట్టారు.

ఒకాయన కారం తెచ్చి గాయానికి అద్దబోయాడు. నేను ఆ చేయి పక్కకు నెట్టి పిల్లగాణ్ణి బోరు నల్లా కిందకు లాక్కెళ్లాను. సబ్బు రుద్దుతూ నీళ్లు పోస్తూ పావుగంట కడిగాం. కుక్క కరిస్తే మొదట చేయాల్సింది ఇదే, మీరూ గుర్తుపెట్టుకోండి. కారం, సున్నం, పసుపు, కిరోసిన్ ఏవీ పెట్టకూడదు. తర్వాత దవాఖానకు తీసుకెళ్లి రేబిస్ సూదులు మొదలుపెట్టించాం. అన్ని డోసులూ పూర్తయ్యేదాకా నేనే ఫోన్ చేసి కనుక్కున్నాను, ఎందుకంటే మనవాళ్లు రెండు సూదులు వేయించుకుని నొప్పి తగ్గిందని మానేస్తారు.

ఇంత జరిగాక మా బావ వాళ్ల పెద్దనాయిన ఒకాయన అన్న మాట వినండి. "మన అదృష్టం బాగుంది, అది తెల్లది కాబట్టి చెయ్యితోని పోయింది. కర్రెదైతే పానమే తీస్తుండె." నాకు ఒళ్లు మండిపోయింది. అదే ఈతలో పుట్టిన కర్రెది మా ఇంట్లో బతుకమ్మ పేర్చేటప్పుడు తంగేడు పూల కుప్ప పక్కన పడుకుంటుంది. చిన్నపిల్లలు దాని తోక తొక్కుతూ అటూ ఇటూ తిరుగుతారు. లేచి ఇంకో మూలకు పోతుందే తప్ప ఇప్పటివరకు ఒక్క పిల్లను కూడా గుర్రుమనలేదు. ఆ పెద్దాయనకు అందరి ముందే ఈ సంగతి చెప్పాను.

అక్క వాళ్లు సన్నీని ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంటే మా తోటకు తెచ్చుకున్నాం. మొదట్లో గిన్నె దగ్గరికి ఎవరొచ్చినా పళ్లు చూపించేది. గొలుసు తీసేశాం, మబ్బుతో పాటు పొద్దున్నే గట్ల మీద తిప్పాం, వేళకు తిండి పెట్టాం. ఇప్పుడు బత్తాయిలు కోసే ఆడవాళ్ల మధ్య పడుకుంటుంది. డీజే చప్పుడు వింటే మాత్రం ఇప్పటికీ మంచం కిందికి దూరి వణుకుతుంది. పెళ్లికీ పేరంటానికీ కిటికీ అద్దాలు అదిరేలా పాటలు పెట్టేవాళ్లు కుక్కల గురించి, ముసలివాళ్ల గురించి ఒక్క నిమిషం ఆలోచిస్తే బాగుండు.

చాక్లెట్ ల్యాబ్ గురించి ఎవరైనా మీకు 2014లో బ్రిటన్‌లో వచ్చిన అధ్యయనం చూపించవచ్చు. సుమారు 2,000 ల్యాబ్‌ల యజమానులకు ప్రశ్నలిచ్చి చేశారు. నల్లవాటితో పోలిస్తే చాక్లెట్‌వి ఎక్కువ ఉద్రేకపడతాయని, చెప్పింది నేర్చుకోవడంలో కొంచెం వెనకని అందులో ఉంది. కానీ అవి యజమానులు చెప్పిన జవాబులు. పైగా వేటకు తర్ఫీదైన కుక్కలు ఇంట్లో పెంచేవాటి కంటే బాగా మాట వింటాయని కూడా అదే అధ్యయనంలో ఉంది. నేను దీన్నే పట్టించుకుంటాను. ఏ పనిలో పెరిగిందన్నదే అసలు సంగతి.

గుణానికీ జన్యువుకీ అసలు సంబంధమే లేదని నేను అనను. 2016లో కేంబ్రిడ్జ్ వాళ్లు ల్యాబ్‌లలో ఒక జన్యువు లోపం కనిపెట్టారు. సుమారు నాలుగింట ఒక ల్యాబ్‌కు అది ఉంటుంది. ఉన్నదానికి తిండి మీద ధ్యాస ఎక్కువ, ఎంత తిన్నా ఆశ తీరదు. అది రంగును తేల్చే జన్యువు కాదు. అలాంటి జాతి కుక్కను ఖాళీ కడుపుతో మటన్ బేసిన్ల ముందు కట్టేస్తే కరవక ఏం చేస్తుంది?

నలుపు అశుభం అనేవాళ్లకు ఇంకో మాట. కాలభైరవుడి వాహనం కుక్కే. మా ఊళ్లో శని దోషం ఉందన్నవాళ్లు శనివారం రొట్టె పట్టుకుని మబ్బును వెతుక్కుంటూ వస్తారు. మిగతా రోజుల్లో దాన్ని చూసి రాయి ఎత్తకుంటే చాలు. ఇంగ్లండ్‌లోనైతే మొదట్లో నల్ల ల్యాబ్‌కే విలువ. పసుపు పిల్లలు (మనం క్రీమ్ అనేదీ ఇందులోదే) పుడితే ఉంచుకునేవాళ్లు కాదు. 1899లో పుట్టిన బెన్ ఆఫ్ హైడ్ అనే పసుపు ల్యాబ్ తర్వాతే పసుపు రంగుకు గుర్తింపు వచ్చింది. చాక్లెట్‌కు ఇంకా ఆలస్యంగా దక్కింది. ఇదంతా ఆ కాలపు జనం మోజు.

ఇక మీరు తెచ్చుకునే కుక్కపిల్ల సంగతి. నెల కూడా నిండనివాటిని వాట్సాప్‌లో ఫొటో పెట్టి అమ్ముతున్నారు. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. తల్లిని చూపించమని అడగండి, చూపించకపోతే వచ్చేయండి. తల్లి కొత్తవాళ్లను చూసి బెదిరిపోతుంటే కూడా వద్దు. "సిల్వర్ ల్యాబ్, అరుదైన రంగు" అని ఎక్కువ డబ్బు అడిగితే ఇవ్వకండి, కెన్నెల్ క్లబ్బుల (జాతి కుక్కలను నమోదు చేసే సంస్థల) ప్రమాణంలో ఉన్నవి నలుపు, పసుపు, చాక్లెట్ మాత్రమే.

చాక్లెట్‌ది నచ్చితే చెవులు, చర్మం కాస్త ఎక్కువ చూసుకోవాలి. 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో బ్రిటన్‌లోని చాక్లెట్ ల్యాబ్‌లకు ఆ జబ్బులు ఎక్కువగా కనిపించాయి, ఆయుష్షు కూడా మిగతావాటి 12.1 ఏళ్లతో పోలిస్తే 10.7 ఏళ్లే తేలింది. నల్లది తెస్తే మన ఎండకు నీడ, నీళ్లు తప్పనిసరి. మధ్యాహ్నం సిమెంటు రోడ్డు మీద ఏ రంగుదాన్నీ నడిపించకండి.

ఏదైనా ఎండాకాలంలో మాత్రం తేకండి. మొదటి వానలు పడ్డాక తెచ్చుకోండి. ఈలోపు ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడి, గేటుకు కట్టేయకూడదని వాళ్లను ఒప్పించి పెట్టుకోండి.